నాలుగొందల పన్నెండు వీడియోలు

గల్ఫ్‌లో, అల్ ఐన్ ఊళ్లో నేను పనిచేసిన ఇంటి పక్క విల్లాలో కోనసీమ నుంచి వచ్చిన ఒకామె వంటపని చేసేది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. నన్ను అక్కా అనేది. సాయంత్రం అయిదింటికి ఇద్దరం చెత్త సంచులు పట్టుకుని వీధి చివరి డబ్బా దాకా నడిచేవాళ్లం. రోజుకి పది నిమిషాలు. తెలుగు మాట్లాడుకునేది ఆ కాస్సేపే.

ఆమె ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసి ఒక యాప్‌లో పెట్టేది. ఆటా పాటా ఏమీ ఉండేవి కావు. ఆకుకూర తుంచుతూ, వాకిలి కడుగుతూ తనలో తను మాట్లాడుకున్నట్టే మాట్లాడేది. "చూడక్కా, ఇది నిన్న పెట్టాను" అని చూపిస్తే, బాగుందని ఫోన్ తిరిగి ఇచ్చేసేదాన్ని. నా ఫోన్‌లో ఆ యాప్ వేసుకోలేదు. చూసేంత తీరికా లేదు, నిజం చెప్పాలంటే మనసూ లేదు.

కరోనా వచ్చిన మరుసటి ఏడాది ఆమెకి జ్వరం పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లారని వాళ్ల డ్రైవర్ చెప్పాడు. పన్నెండో రోజున పోయిందని కూడా అతనే చెప్పాడు. ఇక్కడే మట్టి చేశారు. నన్నెవరూ పిలవలేదు. పిలిచినా మా మేడమ్ పంపేది కాదేమో.

నెల తర్వాత నా వాట్సాప్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆమె కూతురు. కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. తల్లి ఫోన్‌లో నా నంబర్ దొరికిందట.

"పెద్దమ్మా, అమ్మ వీడియోలు పెట్టేదంట గదా. మనకాడ ఆ యాప్ ఆపేశారు, ఇక్కడ తెరుచుకోట్లేదు. అక్కడ వస్తాది గదా. అవన్నీ నాకు పంపుతావా? బాగోనివి కూడా పంపు. ఏదీ వదలొద్దు."

ఆ రోజే యాప్ వేసుకుని ఆమె పేరు వెతికాను. అమ్మాయి అడిగింది కాబట్టి ఏదీ వదలకూడదనుకున్నాను. మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక, నా గదిలో కూర్చుని ఒక్కొక్క వీడియో తెరిచి, సేవ్ నొక్కి, మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని. వారం తిరిగేసరికి తొంభై కూడా కాలేదు, ఫోన్ నిండిపోయింది. ఎన్నున్నాయో చూద్దామని కిందకి జరుపుతూ పోతే వేలు నొప్పి పుట్టింది గానీ అడుగు కనబడలేదు.

పక్క విల్లా డ్రైవర్‌ది కడప వైపు. ఆమె సంగతి చెప్పింది అతనే కాబట్టి అతన్నే అడిగాను. తన గది బయట మెట్టు మీద లాప్‌టాప్ తెచ్చిపెట్టాడు.

"ఒగొగటి నొక్కుతా కూచుంటే ఎప్పటికైతాది అక్కా? ఈడ ఆయమ్మ అకౌంటు పేరు కొడితే అన్నీ ఒగేతూరి దిగుతాయి. నువ్వు పో, నీ పని చూసుకో. అయినంక పిలుస్తా."

గంటన్నరలో పిలిచాడు. నాలుగొందల పన్నెండు. అన్నీ ఒకే ఫోల్డర్‌లో తారీఖుల వరుసలో ఉన్నాయి. మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చాడు. వచ్చే నెల సెలవుకి ఇంటికి పోతున్నానని, అక్కడి నుంచి కాకినాడకి కొరియర్ చేస్తానని అన్నాడు.

ఆ నెలరోజులూ కార్డు నా దగ్గరే ఉంది. రోజుకి పదీ పదిహేను చూశాను. ఆమె నాకేమీ చెప్పలేదని కాదు. పది నిమిషాల్లో పట్టనివన్నీ అక్కడ చెప్పుకుంది. మోకాలు నొప్పి. ఆ ఇంటి చిన్నపిల్ల తనని మామా అని, అంటే అమ్మా అని, పిలిచినందుకు మేడమ్ మాట్లాడడం మానేసిన రెండు రోజులు. చూసినవాళ్లు ఇరవై మంది, పాతిక మంది. కొన్నిటికి ఒక్కరు కూడా లేరు.

తర్వాత లాక్‌డౌన్ నాటివి వచ్చాయి. మా మేడమ్‌కి షుగరు. నన్ను నాలుగు నెలలు గేటు దాటనివ్వలేదు, చెత్త కూడా మా డ్రైవరే పడేసేవాడు. ఆ సంగతి ఆమెకి ఫోన్ చేసి చెప్పాను. "రాలేనే, నా కోసం నిలబడకు" అన్నాను. "సరే అక్కా, ఎందుకు నిలబడతాను" అంది.

నిలబడింది. మా గేటు మూసి ఉంటుంది, ఫోన్ దానివైపు తిప్పి ఉంటుంది, పది పదిహేను సెకన్లు. మాటలు లేవు. మాస్కు లోంచి ఊపిరి మాత్రం వినిపిస్తుంది. ఒక దాంట్లో మాత్రం, "రాదని తెలుసు. ఊరికే వచ్చాను" అంటుంది. అలాంటివి ముప్పై ఒకటి. మళ్లీ కలిసి నడవడం మొదలుపెట్టాక ఆ సంగతి ఒక్కసారి కూడా నా దగ్గర ఎత్తలేదు.

ఆ ముప్పై ఒకటీ తీసేద్దామనుకున్నాను. తల్లి అలా నిలబడి ఉండడం ఆ పిల్లెందుకు చూడాలి అనుకున్నాను. అసలు కారణం అది కాదు, అక్కడ కనబడేది నా గేటు. కార్డు ఇచ్చేటప్పుడు ఆ కడప డ్రైవర్‌ని అడిగాను, కొన్ని చెరిపెయ్యవచ్చా అని.

"ఎందుకక్కా? తీసింది ఆయమ్మ. ఆయమ్మ బిడ్డకే పోనీ."

చెరపలేదు.

కార్డు అందిన వారానికి అమ్మాయి మెసేజ్ పెట్టింది. "పెద్దమ్మా, అన్నీ వచ్చాయి. మూసున్న గేటు చాలాసార్లు ఉంది. ఎవరిల్లు అది?"

జవాబు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మైకు గుర్తు నొక్కడం, వదిలెయ్యడం. చివరికి చెప్పాను, నాదేనమ్మా అని. నన్ను బయటికి రానివ్వని రోజులవి అని. నా గది కిటికీలోంచి వీధి కనబడదని కూడా చెప్పాను. అడక్కపోయినా.

"అమ్మ వచ్చేదని నీకు తెలీదా?"

"తెలీదు."

తర్వాత ఇంకో మెసేజ్ పెట్టింది. "పోన్లే పెద్దమ్మా. నువ్వున్నావని వచ్చింది గదా. లేకపోతే ఇంట్లోంచి కదిలేదే కాదు."

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో ఆసుపత్రిలో చేస్తోంది. మొదట్లో వారం వారం మాట్లాడేది, తర్వాత నెలకోసారి. ఈమధ్య పండక్కి మాత్రం ఒక మెసేజ్ వస్తుంది. డ్యూటీలు తిప్పుతున్నారట.

మా మేడమ్ పోయాక నా వీసా మార్చుకున్నాను. ఉమ్ అల్ క్వైన్‌లో వేరే ఇంట్లో చేస్తున్నాను. చుట్టుపక్కల తెలుగువాళ్లెవరూ లేరు, ఉన్నా నాకు తెలియలేదు. ఇంట్లో ఇంకొక పనామె ఇథియోపియా నుంచి వచ్చింది. ఇద్దరికీ వచ్చిన నాలుగు అరబ్బీ మాటలతో పని నడుస్తుంది. ఇస్త్రీ చేసేటప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టి, యాప్‌లో ఆ వీడియోలు వరుసగా పెట్టుకుంటాను. చూడను, చూస్తే చేతి కింద బట్ట కాలిపోతుంది. తెలుగు మాట వినబడుతుంటే చాలు.

మొన్న ఆ ఇథియోపియా ఆమె వచ్చి ఫోన్ వైపు వేలు చూపించి, "ఉఖ్త్?" అంది. నీ చెల్లా అని.

అవునన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మూడు వీడియోలు చివరిదాకా చూసింది.