రాగి చెయ్యి పట్టుకున్న వాసన

సింహాద్రి మావయ్య పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా మేనకోడలు సుజాత. మలేషియాలోని క్లాంగ్ పట్నంలో నీళ్లు పరీక్షించే లాబ్‌లో ఉద్యోగం దానిది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, నన్ను పట్టుకోగానే దాని చేతులు కార్బాలిక్ వాసన వేశాయి. ఏడుపు తగ్గాక ఎందుకో ఆ వాసన సంగతే అడిగాను.

"ఫినాల్ అత్తా. నీళ్లలో ఎంతుందో సూస్తన్నాం. దాన్ని నేరుగా కొలవంలే. రాగిని జత సేసి, ఆ రాగిని మంట పెట్టిన మిషన్‌లో కొలుస్తాం."

"రాగి ఒంటరిగా నీళ్లు దాటదు. ఫినాల్ చెయ్యి పడితేనే పైన తేలే ద్రావకంలోకి పోతుంది. అంతేనా?"

అది తెల్లబోయింది. "నీకెవరు సెప్పినారు?"

తెల్లదొరలు అడవుల్లోని కమ్యూనిస్టులతో పోరాడిన ఎమర్జెన్సీ రోజుల్లో బంటింగ్ దగ్గర మా రబ్బరు ఎస్టేట్ ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. బడి అవతల ఉండిపోయింది. అమ్మ తమ్ముడు సింహాద్రి మావయ్య క్లాంగ్‌లోని రబ్బరు లాబ్‌లో పని చేసేవారు. ఆదివారాలు వచ్చి నాకు ఇంట్లోనే చదువు చెప్పేవారు. ఒక వారం మా బావి నీళ్లు కార్బాలిక్ వాసన వేశాయి. ఎవరో విషం కలిపారన్నారు. ఎస్టేట్ ఆస్పత్రి నేల కార్బాలిక్‌తో కడిగేది మా నాన్న కాబట్టి, ఆయన్నే స్టేషన్‌కు తీసుకుపోయారు.

మావయ్య కంచె గుంజల దగ్గర వంగి వాసన చూశారు. వాటికి కొత్తగా తారునూనె పూసి ఉంది. "ఇందులోనూ ఆ సరుకే ఉంటాది. బావిలో పోసింది బావయితే బావిలోనే ఎక్కువుండాల. కంచెదైతే గుంజల కాడ ఎక్కువుండాల." గుంజల గోతుల్లో నీళ్లు, బావి నీళ్లు, పోల్చడానికి వాన నీళ్లు మూడు సీసాల్లో పట్టుకెళ్లారు. మళ్లీ వచ్చినప్పుడు ఆయన ముఖం అయోమయంగా ఉంది. వాన నీళ్లలోనూ ఫినాల్ ఉందట.

"అక్కా, సీసాలు దేంతో కడిగినావే?"

"మీ బావ ప్రాణం కదరా. శుభ్రంగా ఉండాలని కార్బాలిక్ సబ్బెట్టి రుద్దినాను."

"నీ భక్తి బావని లోపలే ఉంచీసేలాగుంది," అని నవ్వేశారు. అమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ఈసారి ఉత్త నీళ్లతో కడిగిన సీసాలతో నన్ను కూడా లాబ్‌కు తీసుకెళ్లారు. సుజాత చెప్పిన మిషన్ అప్పటికి అక్కడ లేదు, రాగిని రంగును బట్టి అంచనా కట్టేవారు. గుంజల నీళ్ల మీద తేలిన పొర చిక్కగా రంగెక్కింది. బావిది పల్చగా. వాన నీళ్లది తెల్లగానే ఉండిపోయింది.

"ఫినాల్ ఎక్కడుంది మావయ్యా?"

"అది కనబడదే సీతాలూ. దాని సెయ్యి పట్టుకొని దాటినోణ్ణి సూడాల."

ఆ సీసాలనే తీసుకెళ్లి స్టేషన్ బల్ల మీద పెట్టారు. సాయంత్రానికి నాన్న ఇంటికొచ్చారు.

మెర్దేకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చాక కంచె పీకేశారు. అప్పటికి నాకు బడికి వెళ్లే వయసు దాటింది. పూజ దగ్గర కూర్చున్నప్పుడు దేవుడు నాకెన్నడూ కనబడలేదు. నా చెయ్యి పట్టుకున్న మనిషి, మావయ్య, కనబడ్డారు, ఆయన్ని బట్టే దేవుడున్నాడని లెక్క కట్టుకున్నాను. ఎక్కడైనా తారు పూసిన గుంజ వాసన తగిలితే, మీరెరగని మా సింహాద్రి మావయ్యను ఒక్కసారి తలుచుకోండి.