అవ్వ బూడిదేసి తోమిన కారు

మా చిన్నప్పుడు, నేను ఐదో తరగతి చదివేటప్పుడు, పుంగనూరులో ఒక శనివారం పొద్దున మా ఇంటి ముందర ఘోరం జరిగిపోయింది... మా అవ్వ కారుకు బూడిదేసి తోమేసింది.

నవ్వొద్దండప్పా, నిజంగానే. టెంకాయ పీచు, పొయ్యిలో బూడిద, బిందెడు నీళ్ళు. మేము లేసేలోపల ముందర బానెట్టు, రెండు పక్కల తలుపులు అయిపోయినాయి. ముందుదినం నాయన మదనపల్లె నుంచి వానలో వచ్చినాడు, కారు నిండా ఎర్రమట్టి. తెల్లారితే ఆదివారం, మేమంతా కుప్పం పోవాల. మట్టి బండిలో చెల్లెలింటికి యాడ పోయేదని అవ్వ అనుకునింది, అంతే.

ఆ కారు కొనిందే అవ్వ కోసం. తాతా అవ్వా కూలికి పోయి చదివిస్తే నాయనకు ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. కారు పాతదే గానీ, నేరేడుపండు రంగులో నిగనిగలాడతా ఉండేది. కుప్పంలో అవ్వ చెల్లెలు కాలు విరిగి మంచంలో ఉండాది. అవ్వకేమో బస్సు పడదు, పలమనేరు చేరేలోపల నాలుగుసార్లు వాంతి. అక్కాచెల్లెండ్లు ఒకరి మొకం ఒకరు చూసి ఏండ్లయిపోయినాయి.

నాయన లేసి బయటికొచ్చినాడు. ఎండ పడి కారు మీద గీతలన్నీ సాలెగూడు మాదిరి మెరస్తా ఉండాయి.

"సూడు నాయనా, ఎట్ల మెరస్తాండాదో" అనింది అవ్వ, పీచు చేతిలో పట్టుకుని, సంతోషంగా.

"నీకెవురు చెప్పినారు మా, ఇది ముట్టుకోమని? ఇదేమన్నా బిందె అనుకుంటివా?" అని అరిచేసినాడు నాయన.

అవ్వ మొకం ఇప్పటికీ నా కండ్ల ముందరే ఉండాది... పీచు గోడవార పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది.

మరుసటి దినం ఎంత పిలిచినా కారెక్కలేదు. "వొద్దు నాయనా. నావి బండచేతులు. నేను కూర్చుంటే సీట్లు గూడా పాడైపోతాయి. మీరు పోయిరాండి" అనింది. కోపంతో అని ఉంటే ఎంత బాగుండు! కోపం లేదు, నిజంగానే భయపడింది. కుప్పం ప్రయాణం ఆగిపోయింది. నాయనకు ఆ పొద్దు అన్నం దిగలేదు. పైగా మా అమ్మ ఊరుకుంటుందా, "కన్నతల్లి కంటే రంగు ఎక్కువయిందా నీకు" అని బాగా దులిపేసింది.

ఆ గీతలు పోతే గానీ అవ్వ కారెక్కదని నాయనకు తెలిసిపోయింది. మదనపల్లెలో కార్లకు పెయింటు కొట్టే ఆయన్ను అడిగొచ్చినాడు. ఆ తర్వాత మూడు ఆదివారాలు అదే పని...

చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, కారును నీడలోకి తోసేవాళ్ళం. ముందు దుమ్ము లేకుండా బాగా కడగాల, లేకుంటే ఉన్న గీతలకు కొత్తవి తోడవుతాయంట. తర్వాత పండ్లు తోముకునే తెల్ల పేస్టు చింతగింజంత తడిగుడ్డ మీద వేసుకుని గుండ్రంగా, మెల్లగా రుద్దాల. గట్టిగా రుద్దినామా, తిట్లే! గుడ్డల కోసం అమ్మ పాత నూలుచీర చించి ఇచ్చింది.

పేస్టు వాసన, తడిమన్ను వాసన, ఎవురింట్లోనో సన్నగా రేడియో... గుండ్రంగా తిప్పతా తిప్పతా నాకు కండ్లు మూతలు పడేవి. తుడిచి చూస్తే సన్న గీతలు మాయం! ఆ నేరేడు రంగులో మబ్బులు మెల్లగా పోతా ఉండేవి... పక్కపక్కనే నా మొకం, నాయన మొకం. నాయన అంతసేపు నా పక్కన కూర్చునింది ఆ మూడు వారాలే. నాకైతే అవి పండగ దినాలు.

అవ్వ మటుకు తిన్నె మీద నుంచి లేసేది కాదు. "మే పాపా, పోయినాయా?" అని అడుగుతానే ఉండేది.

"పోతాండాయి అవ్వా."

అన్నీ పోలేదు. గోరుతో గీరినప్పుడు గోరు జారిపోతే ఆ గీత పోతాది, తగులుకుంటే పోదు. ఎడమపక్క ముందు తలుపు మీద ఐదారు గీతలకు గోరు తగులుకుంటానే ఉండేది. మూడో వారం నాయన గుడ్డ పక్కన పడేసి, "అన్నీ పోయినాయని చెప్పు" అన్నాడు నా చెవిలో.

చెప్పినా. అవ్వ లేసొచ్చింది. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. తలుపు మీద చెయ్యి పెట్టి నిదానంగా తడిమింది. మా మాటలన్నీ వింటా ఉండింది గదా, బొటనవేలి గోరుతో గీరి చూసింది. గోరు ఆడనే నిలబడిపోయింది.

"మా... ఆ పొద్దు నోరు జారినా. గీతలుంటే ఉండనీ. నువ్వు రా మా" అన్నాడు నాయన.

అవ్వ గోరు తీసి, అరచేత్తో తలుపు నిమిరింది. "యాడుండాయి రా గీతలు? నున్నగా ఉండాది" అనింది. చెప్పులు కిందనే విడిచి ముందు సీట్లో కూర్చునింది. నాయన వంగి ఆ చెప్పులు తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టినాడు.

అప్పటికప్పుడే బయల్దేరినాము. పలమనేరు దాటినా, వి.కోట దాటినా వాంతి ఊసే లేదు. కిటికీ గాలికి కండ్లు మూసుకుని, చిన్నపిల్ల మాదిరి నవ్వుకుంటా కూర్చునింది...

కుప్పంలో చిన్నవ్వ అక్కను పట్టుకుని ఏడ్చి ఏడ్చి, ఆఖరికి కండ్లు తుడుచుకుని, "ఎవురి కారులో వస్తివి అక్కా?" అని అడిగింది.

"మాదే" అనింది అవ్వ.

నాయన బయటికి పోయి శానాసేపు లోపలికి రాలేదు.

ఇప్పుడు మదనపల్లెలో నా కారుకు గీత పడితే షోరూములో వదిలేస్తా, రెండు దినాల్లో కొత్తదై వస్తాది. ఎవురి వల్ల పడిందో గూడా గుర్తుండదు. ఇంట్లో వస్తువులన్నీ భద్రంగా, నున్నగా ఉండాయి... వాటిని ముట్టుకునే అవ్వే లేదు.

మీ ఇంట్లో ఎవురన్నా ప్రేమతో పాడుచేసిన వస్తువు ఉండాదా? ఉంటే దాన్ని బాగు చేయించే ముందర, ఆ మనిషి గురించి నాలుగు మాటలు ఈడ రాయండప్పా...