లీటరుకు ఇరవై

మొన్న మా అమ్మాయి కడప నుంచి ఫోన్ చేసి కారు కొనాలనుకుంటున్నానని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, నాలుగు చిన్న కార్ల ఫొటోలు వాట్సప్‌లో పంపింది. ఒక్కోదాని కింద మైలేజీ ఎంత, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, డిక్కీలో ఎన్ని లీటర్ల చోటుంది అని చీమల బారులాగా అక్షరాలు. రోజూ ఆఫీసుకు పోయి రావడానికి, వారానికోసారి ప్రొద్దుటూరు రావడానికి ఏది నయమో చెప్పమంది. కళ్లజోడు పెట్టుకుని అన్నీ శ్రద్ధగా చదివాను. డిక్కీ చోటును లీటర్లలో చెప్పారుగానీ చీనీకాయల మూటలు ఎన్ని పడతాయో ఒక్క కంపెనీ కూడా రాయలేదు. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. మా మామ, అంటే మా ఆయన తండ్రి, కారు పరీక్షించిన రోజు గుర్తొచ్చి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

మా మామకు ప్రొద్దుటూరు బజారులో చిన్న బంగారం కొట్టు ఉండేది. తూకం వేసేటప్పుడు నడివేసవిలోనైనా సరే ఫ్యాను ఆపించేవారు, గాలికి తక్కెడ పళ్లెం కదులుతుందని. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు చెంగుతో విసురుకుంటుంటే, "ఒక్క నిమిషం ఓర్చుకోమ్మా, నీది నీకు రావాల, నాది నాకు రావాల" అనేవారు. కొట్టులోని ఈ పట్టింపు ఇంటికి కూడా వచ్చేది. వంకాయ కూర ఎలా ఉందని అడిగితే బాగుందని అనే మనిషి కాదు. కాసేపు ఆలోచించి, "పోయిన మంగళవారం దానికన్నా ఒక పిసరు మేలు" అనేవారు. ఆ మాట కోసం మా అత్త గరిటె పట్టుకుని నిలబడి ఉండేది, పాపం.

నాకప్పటికి లెక్కల టీచరుగా ఇరవై ఏళ్లు దాటింది. బదిలీల్లో పులివెందులకు ఇవతల ఒక పల్లె హైస్కూలు వచ్చింది. పొద్దున రెండు బస్సులు మారాలి. సాయంత్రం బస్సు ఎప్పుడు వస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. మూడు నెలలకు నా కళ్ల కింద చారలు పడ్డాయి. ఇక చాల్లే, ఉద్యోగం మానేయమని మా అత్త. అక్కడే గది తీసుకుని ఆదివారాలు వచ్చిపొమ్మని మా ఆయన. నాకేమో బడీ కావాలి, ఇల్లూ కావాలి. పిల్లలకు బీజగణితం అర్థమైనప్పుడు వాళ్ల మొహాలు చూడటం కన్నా నాకు ఇష్టమైన పని ఇంకోటి లేదు. డ్రైవింగు నేర్చుకుని ఉన్నాను కాబట్టి చిన్న కారు ఒకటి కొందామన్నాను. అదే బడికి ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఇద్దరు టీచర్లు పెట్రోలు పంచుకుంటామన్నారు కూడా. మామ అంతా విని తీర్పు చెప్పారు. "లీటరుకు ఇరవై ఇస్తే కొందాం. ఇయ్యకపోతే మీ అత్త మాట ఇను." కంపెనీవాళ్లు ఇరవై రెండు అంటున్నారు కదా మామా అంటే, "అమ్మేటోనివి శానా మాటలుంటాయిలే మ్మా" అని తీసిపారేశారు. షోరూములో పది నిమిషాలు తిప్పి చూపిస్తే ఏమీ తేలదని, అదే రకం కారున్న మా తమ్ముణ్ణి అడిగి ఒక ఆదివారానికి తెప్పించారు.

ఇక ఆ పొద్దున బంకులో జరిగింది చూడాలి. అంతకుముందే డిక్కీలో ఉన్న గొడుగు, పాత చెప్పులు, మా తమ్ముడి కూతురి బొమ్మ అన్నీ తీయించేశారు. టైర్లలో గాలి పట్టించారు. ట్యాంకు నిండి గొట్టం టక్కుమని ఆగితే ఒప్పుకోలేదు. "కారు ఊపప్పా, లోపల గాలి ఉంటాది" అన్నారు. "ఫుల్ అయింది మామా, అదే ఆగిపాయ" అన్నాడు బంకతను. "అది ఆగింది. నేను ఆగినానా?" అని మామ తానే ఒక పక్క చేరి కారును ఊపడం మొదలుపెట్టారు. వెనక ఉన్న ఆటోలవాళ్లు హారన్లు మాని సినిమా చూసినట్టు చూశారు. పెట్రోలు మూతి దాకా తళతళమని కనిపించాక, కిలోమీటర్ల అంకె కాగితం మీద రాసుకుని నా పక్కన ఎక్కారు.

దారి కూడా ఆయనే నిర్ణయించారు. తిన్నగా పోతే అది పరీక్షే కాదట. ముందు జమ్మలమడుగు పోయి, అక్కడ బజారు రద్దీలో ఆగి ఆగి నడిపి, ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు పోవాలి. ఏసీ వేయకూడదు, వేస్తే మైలేజీ పడిపోతుంది. మే నెల. కారులో నేను చెమటతో తడిసిపోతున్నా, నా ఉద్యోగం ప్రతి బ్రేకు మీదా ఆధారపడి ఉందని పాదం ఎంతో సుతారంగా వేస్తున్నాను. మామ మాత్రం మీటరు ముల్లు చూస్తూ, "మెల్లగా మ్మా, మెల్లగా" అంటున్నారు.

పులివెందుల దగ్గర మా కొట్టుకు రెండు తరాలుగా వచ్చే ఒక రైతు తోట ఉంది. మంచినీళ్లు తాగిపోదామని ఆగడమే మామ చేసిన పొరపాటు. మా వైపు తోటకొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపరు, కారులో వచ్చిన మనిషినైతే ఉత్త డిక్కీతో పంపరు. మేము నీళ్లు తాగి గ్లాసు దించేలోగా రెండు మూటల చీనీకాయలు డిక్కీలోకి ఎక్కాయి. మామ ఉలిక్కిపడి లేచారు. "వద్దప్పా, ఈ పొద్దు మైలేజీ చూస్తాండాం" అన్నారు. "చూడు శెట్టీ, ఎవరొద్దన్యారు?" అంటూ ఆ రైతు మూడో మూటతో పాటు ఒక బస్తా శనక్కాయలు వెనక సీట్లో పెట్టించాడు. వద్దని గట్టిగా అంటే ఆ ఇంటి పెళ్లిళ్ల బంగారమంతా పక్క కొట్టుకు పోతుంది. మామ నోరు మూసుకుని కారెక్కారు. కారు వెనక భాగం దిగబడి, ముందు భాగం ఆకాశం చూస్తోంది. నా పని అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

తిరుగుదారిలో మా బడి పల్లె వచ్చింది. నేను బస్సు కోసం నిలబడేది యాడ అని అడిగారు. చూపించాను. కంకర కుప్ప పక్కన ఒక రాయి, అంతే. పైన రేకు ముక్క కూడా లేదు. ఆపమన్నారు. దిగి, ఆ రాయి పక్కన నిలబడ్డారు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. లారీ ఒకటి పోయి దుమ్ము ఆయన తెల్ల పంచె మీద పోసింది.

"ఎంతసేపు నిలబడతావు మ్మా?"

"ఒకో దినం అరగంట, ఒకో దినం గంట మామా."

"ఈడనేనా?"

"ఈడనే."

ఐదు నిమిషాలు అట్లాగే నిలబడి వచ్చి కూర్చున్నారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఏసీ ఎయ్యి" అన్నారు. మైలేజీ అని గుర్తు చేయబోతే, "ఎయ్యమంటాండా గదా" అని కసిరారు. ప్రొద్దుటూరు దాకా పంచె మీది దుమ్ము దులుపుకుంటూనే ఉన్నారు.

అదే బంకు, అదే గొట్టం, అదే మనిషి. ఈసారి ఊపమని చెప్పకముందే అతనే ఊపాడు. కాగితం మీద అంకెలు వేసి మామ భాగించారు, నేను మనసులో భాగించాను. ఇద్దరం ఒకేసారి ముగించాం. పదిహేడు కూడా పూర్తిగా రాలేదు. మూటలు, ఏసీ అని సాకులు చెప్పాలని ఉంది, కానీ ఆయన దగ్గర సాకులు నడవవని తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంటికి చేరేసరికి గడపలోనే మా అత్త, మా ఆయన ఎదురొచ్చారు. "ఎంతిచ్చింది?" అంది అత్త. మామ చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా, "ఇరవై ఒకటి" అన్నారు. మా ఆయన డిక్కీలోంచి దించిన మూట ఒకటి లోపలికి మోస్తూ, "ఇన్ని మూటలతోనా నాయనా?" అన్నాడు. "మూటలతోనే. ఆ కారే కొందాం" అని కాళ్లు కడుక్కోవడానికి పోయారు. నేను శనక్కాయల బస్తా పక్కనే నిలబడిపోయాను. పిసరంత తేడాకు ఫ్యాను ఆపించే మనిషి, నా కోసం లీటరుకు ఏకంగా నాలుగు కిలోమీటర్ల పైనే కలిపి చెప్పారు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూడలేదు. ఆ సంగతి మేమిద్దరం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఒకరితో ఒకరం కూడా మాట్లాడుకోలేదు.

మామకు ఇప్పుడు ఎనభై ఐదు దాటింది, చెవులు సరిగా వినబడవు. నేను వచ్చే ఏడాది రిటైరవుతాను. ఆ బడిలో నేను చెప్పిన లెక్కలతో పాసైన పిల్లలు ఎందరో ఉద్యోగాల్లో చేరారు, కొందరికి పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టారు. ఇన్నేళ్ల కాలమూ నాది అనుకుంటాను గానీ, అది ఆ సాయంత్రం గడపలో ఒక నిజాయితీపరుడు ఆడిన ఒక్క అబద్ధం నాకు ఇచ్చిన కాలం.