తాడు మీద నాగమ్మ

మాచర్ల దగ్గర క్వారీలో నాపరాళ్లు మోసే నాగమ్మకు నలభై ఏళ్లు. వానాకాలంలో ఎత్తిపోతల జలపాతం చూడటానికి వచ్చే జనాన్ని ఆమె పట్టించుకోదు. చలికాలంలో హైదరాబాదు కాలేజీ పిల్లలు పక్క కొండ మీద నుంచి తాళ్లతో దిగుతుంటే మాత్రం, నెత్తిన బరువుతోనే నిలబడి చూస్తుంది. "ఏమే, ఏందా చూపు?" అని మేస్త్రీ బాలకోటయ్య అరిస్తేగానీ కదలదు.

ఎనభై నాలుగు జనవరిలో ఒకరోజు ఆమె పని ఆపి, ఆ పిల్లల మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"నన్నూ ఒక్కసారి దింపండి సారూ."

ఆయన నవ్వలేదు. ఆమె చీర గోచీ పోసి కట్టుకోగానే, నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి తాడు కట్టాడు. సగం దిగాక నాగమ్మ ఆగిపోయింది. చుట్టూ గాలి తప్ప ఏమీ లేదు. దూరంగా కృష్ణ మెరుస్తోంది.

"భయమేస్తోందా అమ్మా?" పైనుంచి కేకేశాడు మాస్టారు.

"లేదు సారూ. మళ్లీ ఏడాదికి గానీ మీరు రారు గదా. ఇంకాసేపు ఇట్టాగే ఉండనీయండి."