సంచిలో మూడు ఫీజులు

వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నాకు తెలియని పంట భూమ్మీద లేదనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. పెద్దకడుబూరు దగ్గర మా నాయనకు ఎకరా జొన్న. ఇంట్లో రొట్టెలూ ఆవుకు మేతా ఏడాదంతా దాంట్లోంచే రావాలి. ఆ యేడు వానలు మొహం చాటేశాయి, బోరులో ఒక్క తడికి మించి నీళ్లు లేవు. మధ్యాహ్నానికి ఆకులు చుట్టుకుపోతుంటే చూడలేక నాయన మోటారు వేయబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. "ఇప్పుడొద్దు నాయనా. పైరు పొట్టకొచ్చినప్పుడు (అంటే కంకి ఇంకా ఆకుల మధ్య దాగి ఉండగానే) తడిపితేనే గింజ కడతాది. నేను సెప్పేదాకా మోటారు ముట్టుకోవద్దు."

"సరే పాపా, నువ్వు సెప్పినప్పుడే ఏస్తా" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాయన మాట మీద నమ్మకం చాలక (చదువుకున్నదాన్ని కదా!) స్టార్టరు పెట్టెలోంచి మూడు ఫీజులూ పీకి నా చేతిసంచిలో వేసుకున్నాను. అవి లేకపోతే మోటారు తిరగదు. పది రోజులు దువ్వెనతో, పౌడరు డబ్బాతో పాటు అవీ నా వెంటే తిరిగాయి. "నగలు దాసుకున్నట్ల దాసుకునింది సూడండి" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

పదకొండో రోజు ఎమ్మిగనూరులో స్నేహితురాలి పెళ్లి. ఓళిగ తుంచి నోట్లో పెట్టుకోబోతుండగా నాయన ఫోను. "పాపా, సేను పొట్టకొచ్చినాది. రేపట్నుంచి మూడు దినాలు కరెంటు ఉండదంట, లైను పనంట. ఈపొద్దే మోటారు..." నా చేయి సంచిలోకి పోయింది. మూడు ఫీజులూ అందులోనే ఉన్నాయి. "వస్తాండా నాయనా!" అని ఫోను పెట్టేసి, పట్టుచీర ఎగదోపి బస్సుకోసం పరుగెత్తాను. బస్సు దిగి ఆటో ఎక్కి, తొందరగా పొమ్మని ఆటో అన్నను బతిమాలితే, ఆయన నా చీరా పూలూ చూసి, "పెళ్లి పీటల మీంచి పారిపోయి వస్తాండావామ్మా?" అన్నాడు.

రొప్పుతూ చేను చేరేసరికి సాళ్లలో నీళ్లు పారుతున్నాయి. నాయన పార పట్టుకుని, నీళ్లు పక్క సాలుకు మళ్లేలా తాపీగా మడవ కడుతున్నాడు.

"ఫీజులు యాడివి నాయనా?"

"నువ్వు పీకిన మర్సనాడే ఆదోనిలో తెచ్చుకుంటి."

"మరి ఇన్ని దినాలు ఏసుకోలేదేమి?"

"నువ్వు సెప్పినప్పుడు ఏస్తానంటి గదా! ఈపొద్దు ఏద్దునా అని అడగబోతే వస్తాండా అని పెట్టేస్తివి. సరే, ఒప్పుకున్నట్లే అనుకుంటి."

ఆ యేడు కంకులు నిండుగా వచ్చాయి. ఊళ్లో పేరంతా నాకే వచ్చింది. ఇప్పుడు ఊరూరా తిరిగి రైతులకు తడుల గురించి చెప్పడమే నా పని. చెప్పేముందు వాళ్ల మాట వింటాను. కళ్లముందే ఆకులు వాడిపోతుంటే, జేబులో ఫీజులు పెట్టుకుని, నాయన పది రోజులు నా మాట కోసం ఎలా ఆగాడో! నేనైతే ఆగలేను. ఆ సంచి ఎప్పుడో చిరిగిపోయింది. అందులోని మూడు ఫీజులు మాత్రం, అమ్మ అన్నట్టే, నా నగల పెట్టెలో ఉన్నాయి.