పలకని అడ్రసు

మా ఆఫీసు మేడమ్ పోయారని నాకు ఫోన్ వచ్చినప్పుడు మేం భోజనాల దగ్గర ఉన్నాం. అప్పుడే నాన్న, నెట్‌వర్క్ ఉద్యోగం మానేసి కోకాపేటలోని తన ప్లాట్ల ఆఫీసులో కూర్చోమంటున్నాడు. ఫోన్‌లో విన్నది ఎవరికీ చెప్పకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాను. "కాదనలేదుగా, సరేనన్నట్టే!" అని సంబరపడింది అమ్మ. మా ఇంట్లో నన్ను ఎప్పుడూ ఇలాగే తప్పుగా అర్థం చేసుకుంటారు. మర్నాటికి నాన్న నాకోసం కుర్చీ కూడా కొనేశాడు.

మేడమ్ మా నెట్‌వర్క్ టీమ్‌కు పెద్ద. బోరబండలో పుట్టి పెరిగిన మనిషి. చేరిన కొత్తలో నేను కుదురుగా కూర్చోలేకపోతుంటే ఆవిడ తిట్టలేదు. కేబుల్ చుట్ట చేతికిచ్చి, "నీ కాళ్లకు పని దొరికింది, నడువ్" అని ఫ్లోర్లన్నీ తిప్పారు. నడుస్తూనే పాఠం.

"ప్రతి మిషన్‌కు రెండు అడ్రసులుంటయి బిడ్డా. ఒకటి ఫ్యాక్టరీల పెట్టింది, యాడికి పోయినా ఎంబడి ఉంటది. ఇంకోటి మనమిచ్చేది, కిరాయి ఇల్లు లెక్క. ఫ్లోర్ మారితే అది గూడ మారుతది."

కొత్త మిషన్‌కు అడ్రసు ఇచ్చేముందు, తన కంప్యూటర్ నుంచి ఆ అడ్రసును పిలిచి చూసేవారు. ఎవరూ పలకకపోతే ఖాళీ అన్నట్టు. ఒకసారి అలాగే చూసి, జీతాల విభాగంలో కొత్త కంప్యూటర్‌కు ఒకటి ఇచ్చారు. మధ్యాహ్నం ఎవరో మూలనున్న పాత ప్రింటర్ ఆన్ చేశారు. దానిదీ అదే అడ్రసు! పంపిందల్లా కాసేపు దానికి, కాసేపు దీనికి పోయి అక్కడి పనంతా ఆగింది.

"ఏంటి మేడమ్, మీరు కూడానా?" అన్నాను.

టీ కప్పు పక్కన పెట్టి పకపకా నవ్వారు. "పలకలేదంటే లేనట్టు గాదు. బంద్ చేసి ఉండొచ్చు. నేనే తొందరపడ్డ."

ఆ తర్వాత పిలిచి ఊరుకోలేదు. ఫ్లోరంతా తిరిగి, ఆపేసి ఉన్న మిషన్లు కూడా చూసుకున్నాకే అడ్రసు ఇచ్చేవారు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్లడం కూడా చూశాను.

మేడమ్ దినం అయిన మర్నాడు నేను ఐడీ కార్డు వేసుకుంటుంటే అమ్మ ఆపింది.

"మళ్లా ఆ ఆఫీసుకేనా అమ్మే? మీ నాయనకు సరేనంటివి కదా?"

"అనలేదమ్మా. ఆ రోజు మేడమ్ పోయారు. అందుకే మాట్లాడలేదు."

"మరి మీ నాయనకేం చెప్పేది?"

"నేనే చెప్తాను."

చెప్పాను. నాన్న ఆఫీసుకు వెళ్లను. మేడమ్ చూసిన ఫ్లోర్లు ఇక నేను చూస్తాను.