రాసింది తెరేసమ్మే

ఉయ్యూరులో కాన్పులు చేసే నర్సమ్మ తెరేసమ్మ రాసిన నవల బెజవాడలో అచ్చయిందంటే ఊళ్ళో సగం మంది నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, వాళ్ళాయన శౌరయ్యే రాసి ఆడపేరు పెట్టుకున్నాడని తేల్చేశారు! 1974 అది. ఆడవాళ్ళ నవలలంటే జనం ఎగబడుతున్న రోజులు. మీసాలున్న మహానుభావులు కూడా పెళ్ళాం పేరు తగిలించుకుని రాసేస్తున్నారు మరి.

పంచాయతీ ఆఫీసు గుమాస్తా శౌరయ్య ఆ మాట ఔననలేదు, కాదనలేదు. టీకొట్టు దగ్గర ఎవరైనా "ఏం గురూ, గుట్టుగా కానిచ్చేశావే!" అని భుజం తడితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు సంగతి చెవినపడి తెరేసమ్మకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు తంటాలుపడి రాసింది తనైతే, పేరు ఈయనకా?

ఆ వారంలోనే బెజవాడ గవర్నర్‌పేటలోని పేపరాఫీసు నుంచి సంజీవరావు అనే విలేకరి కెమెరాతో దిగాడు. ఆదివారం పేపర్లో అరపేజీ వేస్తారట. జిల్లా అంతా చదివే పేపరు. అందులో శౌరయ్య పేరు పడిందా, ఇక తెరేసమ్మ ఎంత మొత్తుకున్నా వినే నాథుడుండడు.

వచ్చినాయన ఆవిడిచ్చిన కాఫీ అందుకుని, శౌరయ్య వైపు తిరిగి కూర్చున్నాడు.

"మగాళ్ళయ్యుండి ఆ పురిటి ఘట్టం అంత బాగా ఎలా రాశారండీ? మా ఇంట్లో ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

"ఏదో... అలా..." అన్నాడు శౌరయ్య.

"అన్నిట్లోకీ కష్టమైన అధ్యాయం ఏదండీ?"

శౌరయ్య ఇంటికప్పు వైపు చూశాడు. ఆ పుస్తకం ఆయన సగం కూడా చదవలేదు.

తెరేసమ్మ చేతిలో పళ్ళెం ఠప్పున బల్లమీద పెట్టింది.

"ఏడోదండీ! పద్మావతమ్మగారి కోడలికి పద్నాలుగు గంటలు నొప్పులు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాశాను. నొప్పి వస్తే కలం పక్కనపెట్టి ఆ పిల్ల చెయ్యి పట్టుకోడం, తగ్గితే మళ్ళీ రాసుకోడం. పుస్తకమంతా అలాగే రాశాను. ఎనిమిదోది పొట్టిగా ఉంది, చూశారా? మా పక్కింటి మాణిక్యం గబుక్కున కనేసింది!"

సంజీవరావు కాఫీ పక్కన పెట్టాడు. లేచి, కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. మొదట్నుంచీ చెప్పండి" అన్నాడు. గంటన్నరసేపు చెప్పింది. చివర్లో ఫోటోకి ఇద్దర్నీ నిలబడమంటే, "ఆయన నవల రాసినప్పుడు ఆయనకి తీద్దురుగాని" అంది.

ఆదివారం దాకా మూడు రోజులూ శౌరయ్య ఇంట్లో పిల్లిలా తిరిగాడు. ఎవరూ చెప్పకుండానే పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చదివాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, కాన్పుకి రమ్మని కబురొస్తే తెరేసమ్మ సంచీ పుచ్చుకుని బయల్దేరింది. టీకొట్టు దగ్గర పెద్ద గుంపు. మధ్యలో బెంచీ ఎక్కి శౌరయ్య పేపరు చదివి వినిపిస్తున్నాడు. బొమ్మలో తెరేసమ్మ ఒక్కతే, తెల్లచీరలో, ఎవర్నో గద్దించబోతున్నట్టు చూస్తోంది.

"రాసింది మా ఆవిడేనయ్యా," అన్నాడు శౌరయ్య, పేపరు దించి. "నేనొక్క అక్షరం రాయలేదు. మీరంటుంటే నవ్వి ఊరుకున్నాను, బుద్ధి లేక."

తెరేసమ్మకి సంతోషమే. అయినా అంత తేలిగ్గా వదుల్తుందా?

"వినపళ్ళేదండీ, ఇంకోసారి!" అని రోడ్డు మీంచే కేకేసింది.

శౌరయ్య ఈసారి ఉయ్యూరంతా వినేలా అరిచాడు.